బటన్ మోజు

మా చిన్నబావ బటన్ నొక్కితే స్టార్టయ్యే కారు కొన్నప్పటి నుంచి పెద్దబావకి అన్నం సయించడం మానేసింది. తన పాత స్విఫ్ట్ నిక్షేపంగా తిరుగుతోంది. అయినా తోడల్లుడి ఎదుట జేబు తడుముకుని తాళంచెవి తీయడం ఆయనకి నామోషీ అయిపోయింది.

"1949లో క్రైస్లర్ వాళ్లు తాళం తిప్పితే స్టార్టయ్యే ఏర్పాటు తెచ్చేదాకా చాలా కార్లకి బటనో, కాలితో తొక్కే మీటో ఉండేది బావా. నువ్వు పోయేది ముందుకి కాదు, వెనక్కి" అన్నాను. వింటేనా!

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి నన్నూ లాక్కెళ్లాడు. అతను స్టీరింగ్ కింద కవరు ఊడదీసి, టెస్ట్ ల్యాంపుతో బ్యాటరీ వైరేదో, స్టార్టర్ వైరేదో చూసుకుంటూ ఒక్కోటీ బటన్ కిట్‌కి కలిపి టేపు చుట్టాడు. బ్రేకు తొక్కితేనే బటన్ పనిచేసేలా ఇంకో వైరు లాగాడు. తీరా నొక్కితే సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజన్ అందుకోలేదు.

"తాళంచెవిలో చిప్ ఉంటది సార్. అది దగ్గర లేకపోతే బండి స్టార్టవదు. తాళం లాగేస్తే స్టీరింగ్ కూడా లాకైపోద్ది. రెండో తాళం ఉందా?"

బావ సంతోషంగా ఇచ్చాడు. అతను దాని తల కోసేశాడు. ఇనప ముక్కని బొక్కలో పెట్టి తిప్పి అలాగే ఉంచేశాడు. చిప్పున్న తలని అక్కడే, చిప్‌ని చదివే కాయిల్ పక్కన టేపుతో బిగించి, పైన కవరు మూసేశాడు.

"అంటే తాళం ఇక ఎప్పటికీ కారులోనేనా?" అన్నాను.

"కనపడదు కద్సార్!"

ఆ నెల పెళ్లిళ్ల సీజన్. మా పెద్దబావ ఒక్క ముహూర్తమూ వదల్లేదు. కల్యాణమండపం ముందు నలుగురూ ఉన్నప్పుడే ఎక్కడం, అద్దం దించి మరీ నొక్కడం.

దసరాకి కారు పోయింది. పోదూ మరి! స్టీరింగ్ లాక్ లేదు, చిప్ అడ్డం లేదు. దొంగకి మిగిలిన పని బ్రేకు తొక్కి బటన్ నొక్కడమే.

ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్లాం. కారు చోరీ అయితే వాళ్లు ఒరిజినల్ తాళాలు రెండూ అప్పజెప్పమంటారు. బావ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"రెండోదేదండీ?"

"కారులో ఉందండీ" అన్నాడు బావ, సత్యహరిశ్చంద్రుడిలా.

ఆఫీసరు తలెత్తి బావని ఓసారి ఎగాదిగా చూసి, ఏదో రాసుకున్నాడు.

తర్వాత ఉత్తరం వచ్చింది. క్లెయిము తిరస్కరించడానికి కారణం ఒక్కటే వాక్యం: "యజమాని తాళంచెవిని వాహనంలోనే వదిలివేసినందున."