కారు లేకుంటే కాలు కదలదట!

మనవలతో నాలుగు రోజులు గడుపుదామని విదేశం బయల్దేరే జనగామ తాతకు, నానమ్మకు విమానం ఎక్కకముందే ఫోనులో ఒక ఉపదేశం అందుతుంది. "బాపూ, ఇక్కడ బస్సులు గిస్సులు ఎక్కుతనని అనకు. తప్పిపోతరు. ఎటు పోవాలన్నా నేనే కారుల తీస్కపోత."

చెబుతున్నదెవరు? దసరా రద్దీలో కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపడం ఇదే బాపు దగ్గర నేర్చుకున్న సుపుత్రుడు. వింటున్నదెవరు? కాజీపేట నుంచి వచ్చే ప్యాసింజరులో నిలబడటానికి జాగా చూసుకుని సికింద్రాబాదులో దిగి, అక్కడ బస్సు మారి చుట్టాల గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యే మనిషి. ఇక నానమ్మ సంగతి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది మొదలు, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు మీద ఉప్పల్ దాకా ఒంటరిగా వెళ్లి వస్తోంది. నిజాం సర్కారు 27 బస్సులతో రవాణా మొదలుపెట్టింది 1932లో. ఇన్ని తరాలుగా బస్సెక్కుతున్న గడ్డ మీది మనుషులు, వచ్చే స్టాపు పేరు బస్సే పైకి చదివి వినిపించే లండన్‌లో తప్పిపోతారట!

కొడుకు మాటలో నిజం లేకపోలేదు. మనవాళ్లు గుంపుగా స్థిరపడిన టెక్సస్‌లోని ఫ్రిస్కోనే చూడండి. డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్‌లో ఆ ఊరికి సభ్యత్వమే లేదు. అక్కడ పాల ప్యాకెట్టుకైనా కారు తీయాల్సిందే. అక్కడికి అతని వాదన చెల్లింది. చోద్యమల్లా, సెలవులకు న్యూయార్క్ పోయినా అదే పాట పాడటం.

మన్‌హట్టన్ చూడటానికి ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకుంటారు. 2025 జనవరి నుంచి అరవయ్యో వీధికి దిగువన కారు అడుగుపెడితే పగటిపూట తొమ్మిది డాలర్ల రుసుము. పార్కింగ్ ఖర్చు వేరే. అదే ఊళ్లో 44 అంగుళాల లోపు పిల్లలు ముగ్గురి వరకు, టికెట్టు కొన్న పెద్దవాళ్ల వెంట సబ్‌వేలో ఉచితం. అరవై అయిదు నిండినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే సగం చార్జీ. (మన రైల్వే 2020 మార్చిలో ఎత్తేసిన వృద్ధుల రాయితీ ఇంతవరకు తిరిగి రాలేదని తాతకు గుర్తు చేయకండి, బీపీ పెరుగుతుంది.) లండన్‌లోనూ ఇదే వరస. నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద 2003 నుంచే రుసుము ఉంది. పదకొండేళ్ల లోపు పిల్లలకు బస్సు ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని వదిలేసి డబ్బు కట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం ఏ ఎంబీఏలో నేర్పుతారో!

ఇటలీలో అయితే ఈ సరదా ఇంటికొచ్చాక కూడా వెంటాడుతుంది. ఫ్లోరెన్స్ పాతబస్తీలోకి అనుమతి లేని కారు దూరిందా, కెమెరా నంబరు పట్టుకుంటుంది. అద్దె కంపెనీ ద్వారా చిరునామా తెలుసుకుని జరిమానా కాగితం తీరిగ్గా పంపుతారు. వెనిస్‌లో మాత్రం సుపుత్రుడి పట్టుదల నీళ్ల పాలే. పియాజాలే రోమా దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్నుంచి అందరికీ సిటీబస్సు పడవే.

పోనీ, ఇంత ఖర్చు పెట్టి కారులో మనవలతో గడిపింది ఏమైనా ఉందా? బ్రిటన్‌లో పన్నెండేళ్లో, 135 సెంటీమీటర్ల ఎత్తో వచ్చేదాకా పిల్లల్ని ప్రత్యేక సీటులో కట్టేయాలని చట్టం. తాత, నానమ్మ మూడో వరుసలో మోకాళ్లు గదవకు ఆనించుకుని కూర్చోవాలి. కొడుకు కళ్లు రోడ్డు మీద, చెవులు గూగులమ్మ మీద. పిల్లలకు చెరో ట్యాబు. తాత ఏదో కథ ఎత్తుకునేసరికి "రీరూటింగ్" అని అడ్డం పడుతుంది ఆ గొంతు. అదే డబుల్ డెక్కర్ పైఅంతస్తులో ముందు సీటు దొరికితే మనవడు తాత ఒడిలోనే ఉంటాడు. స్టాపు పేర్లు వాడు చదువుతాడు, తాత తన పద్ధతిలో వాటిని తిరగరాస్తాడు. ఇద్దరికీ కాలక్షేపం.

కాబట్టి విదేశాల్లోని సుపుత్రులారా, వచ్చే వేసవిలో ఒక్కరోజు కారు తాళాలు ఇంట్లో పెట్టండి. తాత చేతికో బస్సు కార్డు, మనవడి చేతికో మ్యాపు ఇచ్చి, మీరు వెనకాల నడవండి. సీటు సంగతి తాత చూసుకుంటాడు. దస్తీ ఆయన జేబులోనే ఉంటుంది.