సుగ్గి బండికి సరిహద్దు కావాలట!

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల్లో సుగ్గి (కోతల కాలపు వలస) మొదలైందంటే తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. మిగతావాళ్లంతా చంటిపిల్లలతో సహా బండెక్కి గుంటూరు మిరప చేలకు పోతారు. వలస కూలీలకు 1979లోనే చట్టం చేశారుగా? చేశారు, కానీ అది 'అంతర్రాష్ట్ర' వలసలకు. 2025లో దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ అదే మాట. గుంటూరు మన రాష్ట్రమే కాబట్టి వీళ్లు వెళ్లింది చుట్టపుచూపుగా అన్నమాట! గద్వాల పత్తి చేలకు పోయేవాళ్ల అదృష్టమే వేరు. 2014 జూన్ 2న గద్వాల తెలంగాణకు పోవడంతో, పొద్దున లేచేసరికి పాత దారిలోనే 'అంతర్రాష్ట్రం' అయిపోయారు. ఇక మిరప కూలీలకు ఆ హోదా దక్కాలంటే గుంటూరును కర్ణాటకలో కలపాల్సిందే. పిల్లలకు సీజనల్ హాస్టళ్లున్నాయి కదా అంటారా? ఉన్నాయి. సుగ్గి బండి కంటే ముందు ఫైలు కదిలితే చాలు.