పండగ రోజు దానం చేయకండి

దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, రంజాన్... ఏ పండగ దగ్గర పడినా హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళలో ఎవరికైనా ఏదైనా ఇవ్వాలన్న మాట వస్తుంది. ధరలు పెరిగినంతగా జీతాలు పెరగని ఇళ్ళలో ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: ఈ ఏడాది మనకే కష్టంగా ఉంది కదా అని. అలాంటి ఇళ్ళ కోసమే ఈ సలహాలు. పెద్దలు చెప్పిన పద్ధతికి ఇవి ఎదురు నడుస్తాయి. అయినా ఒక్కొక్కటీ ఆలోచించే చెబుతున్నాను. ఇచ్చేవాళ్ళకు ఎప్పుడు తీరిక దొరికిందన్నది పక్కన పెట్టి, పుచ్చుకునేవాళ్ళకు ఎప్పుడు ఇబ్బంది వస్తుందో చూసి ఇవ్వాలన్నదే నా మాట.

1. పండగ నాడు వద్దు, ఒకటో తారీఖున ఇవ్వండి

పండగ పూట గుడి ముందు పులిహోర, చక్కెర పొంగలి పంచేవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తారు. ఇంకో పొట్లం పెరిగితే ఎవరి ఆకలీ కొత్తగా తీరదు. అశోక్‌నగర్‌లో అసలు కటకట నెల మొదటి వారంలో ఉంటుంది. హాస్టల్ అద్దె, మెస్ బిల్లు, స్టడీ హాల్ ఫీజు మూడూ ఒక్కసారే మీద పడతాయి. గ్రూప్స్ ఉద్యోగాలకు ప్రిపేరయ్యే పిల్లలు ఇంటికి ఫోన్ చేసి మళ్ళీ డబ్బులడగలేక ఒక పూట భోజనం మానుకునేది అప్పుడే. పండగకని పక్కన పెట్టిన డబ్బు ఏదైనా ఉంటే ఆ వారం దాకా దాచండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. రంజాన్‌లో ఫిత్రా దానం ఈద్ నమాజుకు ముందే ఇచ్చెయ్యాలి. పేదింట్లో కూడా ఆ రోజు పండగ జరగాలన్నదే దాని ఉద్దేశం. అక్కడ ఆలస్యం చేస్తే ఇచ్చినదానికి అర్థం ఉండదు.

2. చేతిలో డబ్బు ఆడేదాకా ఆగకండి

ముందు మనం నిలదొక్కుకోవాలి, తర్వాత ఇద్దాం అంటారు. కష్టకాలం పై నుంచి కిందికి రాదు. మన జీతంలో కోత పడకముందే రోజుకూలీకి పని ఆగిపోతుంది. 2020 మార్చిలో అదే చూశాం. లాక్‌డౌన్ ప్రకటించిన మర్నాడే నగరంలో ఎన్నో హాస్టళ్ళు పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నాయి. ఊళ్ళకు వెళ్ళడానికి అనుమతి కాగితం కోసం వాళ్ళు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆ కాగితం పట్టుకుని బయల్దేరిన చాలామందిని ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. నెల జీతాలున్న ఇళ్ళకు ఆ వారం ఇంకా వేడి తగలలేదు.

అందుకే ఇచ్చేది సగానికి తగ్గించండి, పావుకు తగ్గించండి, ఆపకండి. వెనకటి ఇళ్ళలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. కరువొస్తే పిడికిలి చిన్నదయ్యేది కానీ ఆ కుండను తీసెయ్యలేదు. నెలకు 2,000 ఇచ్చే ఇల్లు 300కు దిగినా, ఆ 300 మీద ఒకరు ధీమాగా ఉండొచ్చు. ఏడాదికోసారి పెద్ద మొత్తం ఇస్తే అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

3. అన్నం పెట్టకండి, మెస్ పద్దు తీర్చండి

ఒకప్పుడు పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఎందరినో చదివించిన ఏర్పాటు అది. అయితే పుచ్చుకునే కుర్రాడు ప్రతి పూటా ఒక గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చేది. ఇవాళ ఆ అవసరం లేదు. మీ వీధిలో మెస్ నడిపేవాళ్ళకు ఎవరి పద్దు ఆగిందో తెలుసు. ఒక వారం భోజనం డబ్బు వాళ్ళకు ఇచ్చి, ‘ఎవరికి అవసరమో మీరే జమ చెయ్యండి, పేరు నాకు చెప్పకండి’ అనండి. ఆగిపోయిన పద్దు వల్ల మెస్ కూడా ఇబ్బంది పడుతుంది కాబట్టి ఇద్దరికీ మేలు. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించింది. అలాంటి ఇంటికి చేరిన డబ్బు వృథా పోదు.

ఇక్కడి పిల్లలకు ఇది ఎందుకంత అవసరమో ఒక్క గ్రూప్-1 కథ చాలు చెప్పడానికి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. పరీక్ష వాయిదా పడినప్పుడల్లా హాస్టల్ అద్దె మాత్రం వాయిదా పడలేదు. ఆ రెండేళ్ళ ఖర్చు ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉన్న ఇళ్ళు మోశాయి.

డబ్బు కట్టి తినే చోట ఎవరికీ నామోషీ ఉండదు. జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం ఇన్నేళ్ళు నిలవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లని పిలుస్తున్న ఆ కేంద్రాల దగ్గర కూలీ, విద్యార్థి, ఆటో డ్రైవరు ఒకే వరసలో నిలబడతారు. ఐదు రూపాయలు ఇచ్చి తింటున్నవాణ్ణి ఎవరూ జాలిగా చూడరు.

4. పాత పుస్తకాలు ఇవ్వకండి

అటక మీది పోటీ పరీక్షల పుస్తకాలు మూటగట్టి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర చదువుకునే పిల్లలకు ఇచ్చేద్దామని చాలామందికి తోస్తుంది. మంచి ఆలోచనే కానీ వాళ్ళకు పనికిరాదు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక సిలబస్ మారింది. గ్రూప్-1 మెయిన్స్‌లో, గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే ఒక్కో పేపర్ ఉంది. ఉమ్మడి రాష్ట్రం నాటి పుస్తకంలో అది ఎలా దొరుకుతుంది? పాత బడ్జెట్ లెక్కలు చదివినవాడికి మార్కులు పోతాయి. కాబట్టి పాతవి తూకానికి వెయ్యండి. ఆ డబ్బుకు కొంత కలిపి, ఏ పుస్తకం కావాలో అడిగి కొత్తది కొనివ్వండి. బట్టలకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లకు ఉతికి ఇస్త్రీ చేసిన, ఆమెకు సరిపోయే ఒక్క జత కావాలి. వదులైన పది జతల వల్ల ఆమెకు ఉపయోగం లేదు.

5. ఆ డబ్బుతో ఏం చేస్తావని అడగకండి

‘తిండైతే పెడతాను, డబ్బు మాత్రం ఇవ్వను, తాగేస్తారు’ అన్నది చాలామంది పట్టుదల. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా వివిధ దేశాల్లో నగదు సాయం మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించారు. నగదు అందినందువల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదని 2014లో తేల్చారు. బిడ్డకు మందులు కొనాలో, కరెంటు బిల్లు కట్టాలో పుచ్చుకునే తల్లికి తెలిసినంత మనకు తెలియదు. చిన్న మొత్తాలకు విచారణ అక్కర్లేదు. సంస్థకు పెద్ద మొత్తం ఇస్తున్నప్పుడు మాత్రం లెక్కలు అడగండి.

పన్ను మినహాయింపు కోసం కూడా ఆగకండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు విరాళాల మీద ఆ మినహాయింపు వర్తించదు. పాత విధానంలోనైనా 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది రాదు.

6. పనావిడకు చీర పెట్టకండి

దసరాకు ఒక చీర, ఒక స్వీటు డబ్బా ఇచ్చి దానం చేశామనుకుంటాం. చట్టం ప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన కనీస బోనస్ ఏడాది వేతనంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. మన ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఆ చట్టం వర్తించదు. అయినా మీరు వర్తింపజేయండి: పండగకు ఒక నెల జీతం అదనంగా ఇవ్వండి. ఒకేసారి కుదరకపోతే రెండు విడతలుగా ఇవ్వండి. చీర తనకు నచ్చింది తను కొనుక్కుంటుంది. వీధి ఊడ్చే మనిషి దసరా మామూలు అడిగితే విసుక్కోకండి. ఇవేవీ దానం కింద రాసుకోకండి. ఇవి బాకీలు. దానం మొదలయ్యేది బాకీలు తీరాకే.

7. శిబిరం రోజు రక్తం ఇవ్వకండి

నాయకుల పుట్టినరోజుకు, పండగలకు శిబిరాలు కిటకిటలాడతాయి. కానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవవు, ఎర్రకణాలైనా ఆరు వారాల దాకానే నిలుస్తాయి. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కాలేజీలకు సెలవులిచ్చి దాతలంతా ఊళ్ళకు వెళ్ళిన వారాల్లోనే కొరత వస్తుంది. నారాయణగూడలోని ఐపీఎం బ్లడ్ బ్యాంకుకు అలాంటి వారం వెళ్ళండి. 18 ఏళ్ళు దాటి, 45 కిలోలకు తక్కువ కాని ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. ఎంత లోటు బడ్జెట్ ఉన్న ఇంటికైనా ఇది కుదురుతుంది.

8. గుట్టుగా ఇవ్వకండి

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. నేను ఒప్పుకోను. ఎంత ఇస్తున్నారో, ఏ తారీఖున ఇస్తున్నారో పిల్లలకు చెప్పండి, అపార్ట్‌మెంట్ మీటింగులో చెప్పండి. ఇస్తారని తెలిసిన ఇంటిని చూసే పక్కింటివాళ్ళు మొదలుపెడతారు. దాచాల్సింది పుచ్చుకున్నవాళ్ళ పేరు. వాళ్ళ ఫోటో తియ్యకండి, వాళ్ళ ఊరు, గది నంబరు ఎక్కడా చెప్పకండి. రేపు ఉద్యోగం వచ్చి, ఇదే వీధిలో అధికారిగా నడిచినప్పుడు వాళ్ళు ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని ఉండకూడదు.

ఈ సలహాల్లో మూడోది ఒక్కటే చేయగలిగినా చాలు. వచ్చే నెల ఒకటో తారీఖున, మీ వీధి మెస్‌లో ఒకరి వారం బిల్లు కట్టి రండి.