తలకిందుల సలహాలు: టెంటులో ఒక శనివారం రాత్రి

శనివారం సాయంత్రం టెంటు కట్టుకుని విజయవాడ బెంజ్ సర్కిల్ దాటే వాళ్లకు నేను చెప్పేవన్నీ తలకిందులుగానే వినిపిస్తాయి. అయినా చెబుతాను. ఎందుకంటే వాళ్ల వెంట పిల్లలుంటారు.

ఏటి ఒడ్డున టెంటు వేయకండి. కృష్ణమ్మ ఊరి పక్కనే ఉండగా ఇంకెక్కడికి పోతామంటారు. మెత్తటి ఇసుక, చల్లగాలి, మంచి ఫొటోలు, అన్నీ నిజమే. కానీ ఇక్కడ ఏరు పొంగడానికి విజయవాడలో వాన పడక్కర్లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసిన నీళ్లు శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల గేట్లు దాటి ప్రకాశం బ్యారేజీకి చేరతాయి. నెత్తిన చుక్కలు మెరుస్తున్న రాత్రే కింద ఇసుక తిన్నె మునగవచ్చు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. తిన్నె మీద పడుకున్నవాడికి ఆ హెచ్చరికతో పనిలేదు, అంతకు ఎంతో ముందే, కొన్ని గేట్లు ఎత్తితే చాలు, నీళ్లు వాడి పక్కలోకి వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఆ రోజుల్లోనే బుడమేరు వాగు మన ఊళ్లోని సింగ్‌నగర్‌ను ముంచింది. అది చూసిన ఊరివాళ్లం, మనకు ఒకరు చెప్పాలా? జూలై నుంచి అక్టోబరు దాకా టెంటు అటక మీదే ఉండనివ్వండి.

కోత అయిన వరిపొలం చదునుగా, ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కాదు. మన డెల్టాలో వరి కోయకముందే మినుములు చల్లుతారు. మీరు మేకులు దిగ్గొట్టేది రైతు రెండో పంట మీద. పైగా గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి.

దూరం పోకండి. చీకటి పడ్డాక చేరి, సెల్‌ఫోన్ వెలుతురులో టెంటు వేసే అవస్థ వద్దు. పగలు కొండపల్లి కోట చూడండి, రాత్రికి మైలవరం, నూజివీడు వైపు తెలిసినవారి మామిడితోట అడగండి. కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి మకాం కుదరదు. తోటలో కూడా చెట్టు కింద వద్దు, సాళ్ల మధ్య వేయండి. కొమ్మల నుంచి మంచు రాత్రంతా బొట్లుగా కారుతుంది. మామిడాకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు మీ పక్కలోకి దిగుతాయి.

చలి అని టెంటు కిటికీలు బిగించకండి. మన ఊపిరిలోని తేమే లోపలి గుడ్డకు పట్టి, తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి. దోమతెర మూసి, గుడ్డ తెరిచి ఉంచండి. పొయ్యి వెలిగించే సరదా పగటి వనభోజనాలకు ఉంచుకోండి. రాత్రికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం చాలు, ఎండుటాకుల మధ్య నిప్పు వద్దు.

టెంటు జిప్పు మాత్రం ఎప్పుడూ మూసే ఉండాలి, చెప్పులు లోపలే పెట్టుకోవాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపూ ఉండదు. అనుమానం వచ్చిందంటే గాటు పెట్టకండి, తాడు బిగించకండి, మంత్రగాడి కోసం వెతకకండి. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చండి.