వేపగుర్రం

నన్ను చెక్కింది నల్లమాడలో ఒక వడ్లాయన. వేపమొద్దు కాబట్టి ఇన్నేళ్లయినా చెద పట్టలేదు. ఇంకో గుర్రం, ఒక ఏనుగు, ఒక నెమలి నా తోడబుట్టినవి. నలుగురినీ ఒకే ఇరుసు చుట్టూ బిగించి రంగులరాట్నం అన్నారు. కరెంటుతో పనిలేదు, తోసే చెయ్యి ఉంటే చాలు. చుట్టుపక్కల ఏ పల్లెలో దేవర జరిగినా యజమాని మమ్మల్ని బండికెత్తేవాడు. ఫాల్గుణం వస్తే మాత్రం కదిరికే.

కదిరిలో నరసింహస్వామి తేరు కదిలినప్పుడు జనం దాని మీదికి దవనం, మిరియాలు విసురుతారు. రాట్నాలకు చోటు ఎక్కడన్నది అక్కడ ముందు తేరే తేలుస్తుంది. అది తిరిగే వీధుల్లోకి మేం పోకూడదు. మోకు లాగేవాళ్ల కాళ్లకు జాగా కావాలి. మిగిలిన బయల్లోనే మా పోట్లాటంతా.

జెయింట్‌వీల్ కొన్న ఏడు యజమాని కొడుకు దాన్ని దారి మొగదల్లోనే నిలబెడదామన్నాడు.

“కొత్తది గదా నాయనా, ముందర కనపడాల.”

“అంత ఎత్తుది యాడున్నా కనపడతాది లేరా. అవతల కొసకు పెట్టు. దాని కోసం పొయ్యేటోళ్లు మన కొలంబస్సు, బ్రేక్‌డాన్సు అన్నీ దాటుకోని పోవాల. ముందర గుర్రాలుండనీ. చంటోడు ఏడిస్తే అమ్మ నిలబడతాది.”

ఆయన డిస్నీ పేరు విని ఉండడు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు కోటను పెట్టింది కూడా వీధి చివరే, దాన్ని చూస్తూ జనం లోపలికి నడవాలని. అంతకు ముందు, 1893 చికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ కట్టిన 264 అడుగుల చక్రాన్ని తెల్లటి మహా భవనాల మధ్య నిలబెట్టలేదు. విడిగా వినోదాలకని వదిలిన వీధిలో నిలబెట్టారు. చెక్కగుర్రానికి ఇవన్నీ ఎట్లా తెలుసంటారా? పిల్లల్ని నా మీద కూర్చోబెట్టి పట్టుకుని నడిచే చదువుకున్న తండ్రులు ఊరికే ఉండరు.

చోటు సంగతి మాకు వచ్చు. వేషం దగ్గరే తంటా. బెంగళూరు పక్కన బిడదిలో 2005లో వండర్‌లా పార్కు వచ్చింది, హైదరాబాదులో 2016లో. హైదరాబాదుదాంట్లో ముందుకు పోయి, మళ్లీ అదే పట్టాల మీద వెనక్కు గిరికీలు కొట్టే రీకాయిల్ అనే రోలర్‌కోస్టర్ ఉంది. అది చూసొచ్చిన పిల్లలకు నా మొహం ఆనలేదు. యజమాని కొడుకు నా జూలుకు పచ్చరంగేశాడు, ఆ పై ఏడు నా నుదుటి మీద ఏదో కార్టూన్ బొమ్మ అంటించాడు. మైదానం వాకిట్లో ప్లాస్టిక్ డైనోసార్ నిలిచింది. పార్కువాళ్లు ఖాళీ నేల మీద సిమెంటుతో ఒక కథ కట్టుకోవాలి, వాళ్లకు తప్పదు. మాకు స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడే ఉన్నాడు, తేరు ఉంది, దవనం వాసన ఉంది. వాటి పక్కన ఆ డైనోసార్ దారి తప్పి వచ్చిన చుట్టంలా నిలబడింది.

పోయిన తిరునాళ్లకు డ్రాగన్ రైలు కొన్నారు. తండ్రి మాట వినకుండా కొడుకు దాన్ని నా పక్కనే బిగించాడు. దాని కూతకు చంటిపిల్లలు జడుసుకుని నా మీద నుంచి దిగిపోయారు. పెద్దపిల్లలేమో జెయింట్‌వీల్ దాకా పోయే పని లేక అక్కడికక్కడే ఆగిపోయారు. రాత్రి డబ్బులు లెక్కపెట్టుకుని, తెల్లారేసరికి పట్టాలు విప్పి, డ్రాగన్‌ను కొలంబస్సు అవతలికి చేర్చాడు.