ఖాళీ కూతలు: ఒక టీ హోటల్ టీవీ ఆత్మకథ

నేను గుంటూరు మిర్చి యార్డు ఎదుట టీ హోటల్లో ఉండే టీవీని. బజ్జీల బాండీకి కాస్త ఎడంగా, గోడకు బిగించిన ఇనుప చట్రంలో నా కాపురం. ఐపీఎల్ రోజుల్లో నాలుగు టీలు ఎక్కువ అమ్ముకోవచ్చని మా ఓనరు నన్ను సెకండ్‌హ్యాండులో కొనుక్కొచ్చాడు. ముప్పై రెండు అంగుళాల తెర, ఒక మూల చిన్న గీత, రిమోటుకు రబ్బరు బ్యాండు. ఇదీ నా ఆస్తి. వచ్చిన కొత్తలోనే ఒంటినిండా మిరప దుమ్ము పట్టేసింది. మనుషులైతే తుమ్మి ఊరుకుంటారు, నాకా వసతి లేదు.

నా బతుకులో ఒక తిరకాసుంది. ఆట నా మొహం మీదే నడుస్తుంది గానీ నాకు కనపడదు. కనపడేదల్లా ఎదుటి బల్లల మీద కూర్చున్న జనం. స్కోరు వ్యాఖ్యాత నోట వింటాను. ఆట ఎలా ఉందన్నది మాత్రం ఆ మొహాల్లో చూసి తెలుసుకుంటాను. వ్యాఖ్యాత గొంతు చించుకుని లేని ఉత్కంఠ పుట్టించగలడు. అరచేతిలో టీ చల్లారిపోతున్నా పట్టించుకోని మనిషి మొహం అలా నటించలేదు.

ఫిబ్రవరి వచ్చిందంటే యార్డుకు సరుకు పోటెత్తుతుంది. మార్కాపురం, దర్శి, వినుకొండ, సత్తెనపల్లి దారుల్లో లారీలు, ట్రాక్టర్లు వరస కడతాయి. తేజ, 334 రకాల మిరప టిక్కీలు, అంటే బస్తాలు, గుట్టలు పడతాయి. రేటెంత పలుకుతుందో తెల్లారితే గానీ తేలదు. అందాకా ఆ టిక్కీల మీదే పడుకునే రైతులు, దింపుడు ముగించుకున్న ముఠా కూలీలు నా ముందుకు చేరతారు. క్రికెట్ పెడితే సగం మంది ఫోన్లు చూసుకుంటారు. కబడ్డీ పెడితే ప్రతివాడూ కోచే. సంక్రాంతికో, తిరునాళ్లకో ఊరి బయట నేల చదును చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి ఆడినవాళ్లు వీళ్లలో చాలామంది. లుంగీ పైకి కడితే మోకాలి మీద మచ్చ రూపంలో ఆ సర్టిఫికెట్ కనపడుతుంది.

వాళ్లందరికీ పెద్ద మా ముఠా మేస్త్రి. ఎడమ చేతి చూపుడువేలు కొద్దిగా వంకర. ఎవడిదో కాలు పట్టి లాగబోయిన రోజు నుంచి అది అట్టాగే ఉందంటాడు. భుజాన తువ్వాలు, చేతిలో టిక్కీలు లాగే కొక్కెం. కూర్చునేది ఎప్పుడూ మొదటి బల్ల చివరే. మా ఇద్దరి మధ్య ఆరడుగుల దూరం. జట్టుకు తగలాల్సిన తిట్లన్నీ నాకే తగులుతాయి.

జట్టు తెలుగు టైటాన్స్. ప్రొ కబడ్డీ 2014లో మొదలైనప్పటి నుంచీ ఉంది. మొదట్లో రాహుల్ చౌదరి కూతకెళ్తే బల్లలు ఖాళీ అయ్యేవి, అందరూ నిలబడి చూసేవాళ్లు కనక. 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్. తర్వాత దిగజారుడు మొదలైంది. 2021–22 సీజన్లో 22 మ్యాచ్‌లాడి ఒకే ఒక్కటి గెలిచారు. మరుసటి సీజన్లో 22కి రెండు. 2023–24లో మళ్లీ రెండే. మధ్యలో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా దూరమయ్యాడు. తర్వాతి వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి మనవాళ్లు అతన్నే తెచ్చుకున్నారు. ఆ అంకె విన్నరోజు అన్ని డబ్బులు రావాలంటే ఎన్ని టిక్కీలు మొయ్యాలో కూలీలు బల్ల మీద వేలితో లెక్కేశారు. లెక్క తేలక ఇంకో టీ చెప్పారు.

ఇన్ని ఓటములు చూసినవాళ్లకు ఓటమి మీద కోపం ఉంటుందనుకుంటారు. లేదు. నేను ఎదురుగా ఉండి చూసినదాన్ని, గట్టిగా చెప్పగలను. ఓడినప్పుడు మేస్త్రి నవ్వుతాడు, "మన తేజ రేటులాగే ఉందిరా మన జట్టు" అంటాడు. అతనికి పిచ్చెక్కేది ఖాళీ కూతలప్పుడు.

ఈ ఖాళీ కూత సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. కూతకెళ్లినవాడికి 30 సెకన్లు గడువు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉండే బాక్ లైన్‌ను దాటి వెనక్కొస్తే చాలు, ఎవర్నీ తాకకపోయినా అవుట్ కాడు. పాయింటూ రాదు. ఒక జట్టు వరసగా రెండుసార్లు ఇలా ఉత్త చేతులతో తిరిగొస్తే మూడోది డూ ఆర్ డై. ఆ కూతలో పాయింటు తేవాల్సిందే, లేకపోతే వెళ్లినవాడు అవుట్. ఆట చప్పగా పోకూడదని పెట్టిన నిబంధన ఇది. కానీ కోచ్‌లు దీన్ని తలకిందులుగా చదువుకున్నారు. మూడోసారి తెగించాలి అంటే, మొదటి రెండుసార్లు తెగించక్కర్లేదన్నమాటే కదా! అటు రెండు, ఇటు రెండు ఖాళీ కూతలు పడితే రెండు నిమిషాలు గడిచిపోతాయి. స్కోరు పలక కదలదు.

ఒకరాత్రి సంగతి చెబుతాను. ఏ జట్లో చెప్పను, అన్ని జట్లకూ అంటిన జబ్బే ఇది. రెండో సగం సగానికొచ్చింది. వ్యాఖ్యాత "ఖాళీ రైడ్" అన్నాడు. మళ్లీ "ఖాళీ రైడ్" అన్నాడు. దర్శి వైపు నుంచి వచ్చిన కుర్ర రైతు ఆవులించాడు. మేస్త్రి కొక్కెం కొనతో బల్ల చెక్క గీకుతున్నాడు. ఆ తర్వాతిదీ ఖాళీయే. నాలుగోదానికి మేస్త్రి లేచాడు.

"ఏందిరా ఇది? గీత తొక్కి ఎనక్కి రావటానికి ఇంత దూరం పోవాల్నా? మా మేకపిల్ల కూడా పోయొస్తది!"

మా ఓనరు బాండీ దగ్గర నుంచి, "కూర్చో బాబాయ్, డూ ఆర్ డై మూడోది వస్తందిగా" అన్నాడు.

"మూడోది నువ్వు చూడు. నేను పోయి టిక్కీలెక్కిస్తా. అదన్నా కదుల్తది."

పోలేదు. మూడోది చూసే కూర్చున్నాడు. ఆ కూతలో వెళ్లినవాడు పట్టుబడ్డాడు. మేస్త్రి వాణ్ని ఒక్క మాట అనలేదు. "వాడు దూకాడు, వాడి తప్పేం లేదు" అన్నాడు.

ఆ బల్ల మీదే ఒక రిటైరైన పీఈటీ మాస్టారు కూర్చుంటారు. స్కూలు పిల్లల్ని జిల్లా పోటీలకు తీసుకెళ్లినాయన. మేస్త్రి అంతటివాడు కూడా ఆయన్ను "అయ్యోరూ" అనే పిలుస్తాడు.

"ఖాళీ కూత ఊరికే పోదయ్యా," అన్నారాయన. "వెళ్లినవాడు డిఫెండర్లను అటూ ఇటూ నడిపిస్తాడు. ఏ మూలవాడు తొందరపడుతున్నాడో, ఎవడి కాలు అలిసిందో చూసుకొస్తాడు. పైగా ఒక సంగతి గమనించు. స్టార్ రైడర్ పట్టుబడితే బెంచీ మీద కూర్చోవాలి. మనవాళ్లు పాయింటు తెచ్చి లేపేదాకా కోర్టులోకి రాలేడు. వాడు ఐదు నిమిషాలు బయటుంటే అవతలివాళ్లు ఆలౌట్ చేసి రెండు అదనపు పాయింట్లు పట్టుకుపోతారు. అందుకే వాణ్ని దాచుకుంటారు."

"దాచుకునేవాడికి కోట్లు ఎందుకిచ్చినట్టు అయ్యోరూ?"

మాస్టారు టీ తాగారు, జవాబు చెప్పలేదు. నాకు మాత్రం సంగతి బోధపడింది. మనిషి ఖరీదు పెరిగేకొద్దీ అతన్ని పందెంలో పెట్టే ధైర్యం తగ్గుతోంది.

ఇది కబడ్డీకొక్కదానికే వచ్చిన తెగులు కాదు. నా గుండా ఎన్నో కబుర్లు వెళ్లాయి కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో 1950 నవంబర్ 22న ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ 19–18తో ముగిసింది. బంతిని పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నాలుగేళ్లకు, 1954లో, 24 సెకన్లలోగా బంతి వేసి తీరాలని గడియారం పెట్టారు. ఫుట్‌బాల్‌లో 1990 ప్రపంచకప్ గోల్స్ లేక చప్పబడింది. తమ గోల్‌కీపర్‌కే బంతి వెనక్కి తన్నుతూ, అతను చేత్తో పట్టుకుంటూ కాలక్షేపం చేసేవాళ్లు. 1992లో ఆ బ్యాక్‌పాస్‌ను చేత్తో పట్టకూడదన్నారు. చూసేవాడు విసుక్కుంటే నిబంధనలే మారతాయి. ఆ లెక్కన మేస్త్రి తిట్లు వృథా కావు, చేరాల్సిన చోటికి చేరడం లేదంతే.

మట్టికోర్టులో ఈ తెగులు తక్కువ. అక్కడ గోడ గడియారం కాదు, ఊపిరి కొలత. కూత ఆగితే అవుట్. గుండెలో గాలి తగ్గుతుంటే మనిషి తేల్చుకోక తప్పదు. తాకడమో, చిక్కడమో. ఈ లీగులోనూ కూత పెట్టాలన్న నియమం ఉంది గానీ జనం చూసేది మాత్రం తెర మూల తిరిగే 30 సెకన్లనే. మా వైపు తిరునాళ్లలో ఒంగోలు ఎడ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. గడువులోగా ఎంత దూరం లాగితే అంత గెలుపు. సగం గడువు నిలబడి, ఆఖర్లో లాగుదాంలే అనుకునే జతను ఏ రైతూ ఇంట్లో ఉంచుకోడు.

ఇక సినిమాలు. కబడ్డీ ఆటగాడి కథ "ఒక్కడు" ఎన్నిసార్లు నడిపానో లెక్కలేదు. సినిమా కబడ్డీలో ఖాళీ కూతలు ఉండవు. దర్శకుడు రెండు ఖాళీ కూతలు చూపిస్తే థియేటర్లో కుర్చీలు లేస్తాయి. ఆ సినిమా చూసి పెరిగినవాళ్లు లీగు ముందు కూర్చుని ఆవులించడంలో వింతేముంది?

మా ఓనరు బాధ వేరు. అతనికి ఖాళీ కూతలంటేనే ఇష్టం. అప్పుడే జనానికి టీ గుర్తొస్తుంది, బజ్జీ గుర్తొస్తుంది, డబ్బులు లెక్కపెట్టుకోవడం గుర్తొస్తుంది. ఆట పట్టుగా ఉన్న రాత్రి గల్లా గలగలమనదు. ఈ రహస్యం అతను ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉండేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను తీరం దాటిన మర్నాడు. యార్డులో కోల్డ్ స్టోరేజీ సరుకు కదలికే తప్ప కొత్త మిరప లేదు. చేలల్లో పగిలిన పత్తి తడిసి ముద్దయింది. వచ్చినవాళ్లంతా ఎకరాకు ఎంత పోయిందో మాట్లాడుకుంటున్నారు. ఆ రాత్రి టైటాన్స్‌కు పుణెరి పల్టన్‌తో క్వాలిఫయర్-2. విజయ్ మలిక్ కెప్టెన్సీలో, భరత్ కూతల బలంతో ఇంతదూరం వచ్చింది జట్టు. గెలిస్తే ఫైనల్.

ఆరంభంలోనే మనవాళ్లు ముందుకు దూసుకెళ్లారు, తర్వాత పుణె పుంజుకుంది. పాయింట్లు అటూ ఇటూ వరసగా పడుతున్నాయి. పత్తి మాట ఆగిపోయింది. మేస్త్రి చేతిలో కొక్కెం ఎప్పుడో బల్ల కిందికి జారింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మానేశారు. 50–45తో పుణె గెలిచింది. ఫైనల్ పోయింది.

ఎవరూ నా మీద తువ్వాలు విసరలేదు. "ఓడినా ఆడి ఓడారు, అంతే చాలు," అని మేస్త్రి డబ్బుల కోసం జేబు తడుముకున్నాడు. ఇవ్వాల్సిందేమీ లేదు, ఆ గంటలో అతను టీయే చెప్పలేదు.

బాండీలో వేసిన బజ్జీలు మాడి నల్లబడ్డాయి. ఖాళీ కూతల మీద బతికే మా ఓనరు చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని, బేరం మరిచిపోయి, నా ఎదుట నిలబడి ఉన్నాడు. జట్లకు, కోచ్‌లకు నేను చెప్పదలచింది ఇదే. రెండు ఖాళీ కూతలు మీ హక్కే, కాదనం. కానీ తడిసిన పత్తిని వదిలేసి వచ్చినవాణ్ని కూర్చోబెట్టాలంటే మొదటి కూతకే దూకండి.