కడుపులోని పౌరుడు

ఇంకా పుట్టని శిశువులను కూడా జనాభా లెక్కల్లో చేర్చాలన్న వాదం అమెరికాలో వట్టి వాదంగా మిగిలిపోలేదు. జార్జియా రాష్ట్రం 2019లో చేసిన గర్భస్రావ నియంత్రణ చట్టం, వేరే చట్టమేదీ అడ్డురాకపోతే, గుండె చప్పుడు వినిపించే గర్భస్థ శిశువు జనాభా ఆధారిత నిర్ణయాలన్నింటిలోనూ లెక్కకు రావాలని శాసించింది. 2022లో అది అమల్లోకి వచ్చాక ఆ శిశువు పేరిట 3,000 డాలర్ల పన్ను మినహాయింపు కూడా దక్కింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకునే తెలుగువారు ఇక్కడ కనీసం ఆలూ చూలూ ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఈ సిద్ధాంతం మొలకెత్తడానికి సింగపూర్ కంటే అనువైన నేల కనిపించదు. అక్కడి సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ తన జీవితకాలంలో కంటుందని అంచనా వేసే బిడ్డల సగటు, 2023లో 0.97కు పడిపోయింది, ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేయాలంటే అది 2.1 దాకా ఉండాలి. పుట్టినవారు చాలనప్పుడు పుట్టబోయేవారిని కలుపుకోవడం కంటే చవకైన ఉపాయం గణాంకశాస్త్రంలో లేదు, ఎందుకంటే వారికి పాలడబ్బా కూడా కొనిపెట్టనక్కరలేదు.

అడ్డంకి ఒకటుంది. జనగణన అంటే ఒక నిర్ణీత క్షణంలో బతికి ఉన్నవారి లెక్క. భారతదేశపు 2011 జనగణనకు మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి ఆ క్షణం. దాని తరువాత పుట్టిన మనవడు లెక్కలో లేడు, దాని తరువాత కన్నుమూసిన తాత ఉన్నాడు. సింగపూర్‌లోనైతే 2000 నుంచి తలుపు తలుపూ తట్టి తలలు లెక్కించే పద్ధతే పోయింది. ప్రభుత్వ శాఖల రికార్డుల నుంచి జనాభా తేల్చి, మిగతా వివరాలకు మాత్రం కొన్ని కుటుంబాలను, 2020లో సుమారు 1,50,000 కుటుంబాలను, ప్రశ్నించారు. రికార్డుకెక్కాలంటే గుర్తింపు సంఖ్య కావాలి, పౌరుల విషయంలో ఆ సంఖ్య మొదటి అక్షరం పుట్టిన ఏడును బట్టి, 1999 వరకు ఎస్ అనీ 2000 నుంచి టీ అనీ, వస్తుంది. 1999 డిసెంబరు చివర నెలలు నిండి ఉన్న తల్లి కడుపులోని పౌరుడికి ఏ అక్షరం కేటాయించాలో తేల్చడానికి జ్యోతిష్కుణ్ణి కూడా గణాంక శాఖలో నియమించుకోవలసి వచ్చేది.

అయినా పుట్టనివారి లెక్క సింగపూర్ ప్రభుత్వానికి కొత్త విద్య కాదు. 1966లో కుటుంబ నియంత్రణకు ఒక మండలినే పెట్టి, 1970ల్లో ఇద్దరితో ఆపమని ఊరంతా ప్రచారం చేసి, ఆ మాట వినని దంపతులకు కాన్పు రుసుము పెంచి, తరువాతి బిడ్డలకు బడిలో ప్రాధాన్యం తగ్గించారు. 1984లో పట్టభద్రులైన తల్లుల పిల్లలకు బడి ప్రవేశాల్లో ముందు వరుస కల్పించి, జనం మండిపడితే మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. 1987లో, స్తోమత ఉంటే ముగ్గురినో అంతకంటే ఎక్కువమందినో కనమన్నారు. 2001లో బేబీ బోనస్ పేరిట ఏకంగా నగదే ఇచ్చారు. మూడో బిడ్డ మొదట దేశానికి భారం, తరువాత దేశానికి దిక్కు. ఈ రెండు బిరుదులకూ ఆ బిడ్డ చేసినదేమీ లేదు, పుట్టనైనా లేదు. 2013 నాటి శ్వేతపత్రం 2030 నాటికి జనాభా 69 లక్షల దాకా పెరగవచ్చని అంచనా వేసినప్పుడు, అప్పటికే పుట్టి బస్సుల్లో నిలబడి ప్రయాణిస్తున్నవారు హాంగ్ లిమ్ పార్కులో గుమిగూడి నిరసన తెలపవలసి వచ్చింది.

గర్భస్థ శిశువుకు అక్కడ గుర్తింపే లేదన్నది కూడా నిజం కాదు. ప్రభుత్వ ఫ్లాట్లు కట్టి అమ్మే హెచ్‌డీబీ సంస్థ, తొలిసారి ఇల్లు కోరే దంపతులలో బిడ్డ ఉన్నవారితోపాటు బిడ్డ కడుపున పడినవారికీ ప్రాధాన్యం ఇస్తుంది. అంటే ఆ శిశువు ఊపిరి పీల్చకముందే ఇంటి వరుసలో నిలబడుతోంది. అయితే ఈ మర్యాద కడుపును చూసి కాక, తల్లి చేతిలోని కార్డును చూసి జరుగుతుంది. పుట్టబోయే ప్రతి ప్రాణమూ లెక్కే అని వాదించేవారు ముందుగా చదవవలసినది వర్క్ పర్మిట్ నిబంధనలను. ఇళ్లలో పనిచేసే విదేశీ స్త్రీలకు ఆరు నెలలకొకసారి వైద్యపరీక్ష తప్పనిసరి, అందులో గర్భ నిర్ధారణ ఒక భాగం. గర్భమని తేలితే సాధారణంగా పర్మిట్ రద్దుచేసి ఆమెను స్వదేశానికి పంపేస్తారు.